తుష్నాబాదులో దండనీతి

దక్షిణ అండమాను ద్వీపములో, 2024 దాక పోర్టుబ్లెయరు అని పిలువబడి ఇప్పుడు శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పట్టణమునకు వెలుపల, ఫరార్‌గంజి తాలూకాలో తుష్నాబాదు అను పల్లె ఉన్నది. పాత దొరతనపు కాగితములలో ఇది ‘ట్యూసనాబాదు’. ట్యూసను అనునది అక్కడి శిక్షానివేశములో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఉద్యోగి పేరు. ఆబాదు పారసీక పదము. జనము నిండి పైరుపచ్చలతో ఉన్న చోటని దాని అర్థము. ఈ వింత సమాసమును హిందూస్తానీ, మలయాళము, బెంగాలీ, తెలుగు పలికే నోళ్లు అరగదీసి తుష్నాబాదుగా సాపు చేసినవి. చుట్టుపట్ల ఊళ్లకు కూడ ఇదే వరుస. ఫరార్‌గంజి ఫెరారు దొర పేరున, స్టీవర్ట్‌గంజి స్టీవర్టు దొర పేరున ఏర్పడినవి. మన పల్లెలకు దేవుని పేరో, చెరువు పేరో, చెట్టు పేరో, అగ్రహారమిచ్చిన రాజు పేరో ఉండుట వాడుక. ఇక్కడ అధికారి పేరే ఊరి పేరు. అది ఒక విధముగా న్యాయమే. ఆ ఊళ్లలో పొలము, ఇల్లు, పశువు, పెండ్లి, ప్రయాణము, సమస్తమును ఒకప్పుడు అధికారి చేతినుండియే రావలసి ఉండెను గదా.

నిరంకుశాధికారమును సమర్థించిన పండితులు ప్రపంచములో చాలమంది ఉన్నారు. వారిలో పెక్కుమంది దానిని గ్రంథములలో ఊహించినవారే. చరిత్రలో నిరంకుశులని పేరుపొందిన రాజులకు సైతము కులాచారములు, మతధర్మములు, సామంతులు, మిరాసీలు, పూర్వరాజుల దానశాసనములు అడుగడుగున అడ్డుపడుచునే వచ్చినవి. ఏ అడ్డును లేకుండ, పాలకుడు తానే ఖాళీ అనుకొన్న నేలమీద, తానే ఏరి తెచ్చిన ప్రజలతో నిలిపిన ఏలుబడి ఎట్లుండునో చూడదలచినవారికి 1858 తరువాతి అండమాను నివేశమును మించిన ఉదాహరణము మన దేశములో దొరకదు. భయమునుండి సంఘము పుట్టునా అను ప్రశ్నకు తుష్నాబాదు వంటి పల్లెల చరిత్ర ఏమి జవాబు చెప్పుచున్నదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ ప్రశ్నను పాశ్చాత్యులలో అందరికంటె నిర్భయముగా అడిగినవాడు థామస్ హాబ్స్. అతని ‘లెవయాతన్’ 1651లో వెలువడినది. గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా పాలించుచున్న కాలమది. ఇంగ్లండులో అంతర్యుద్ధము సాగి, మొదటి చార్లెసు రాజు తల తెగిపడి అప్పటికి రెండేండ్లే అయినది. ప్రభుత్వము లేనిచోట ప్రతి మనిషికి ప్రతి మనిషియు శత్రువని హాబ్స్ వాదము. ఆ భయమునకు తాళలేక జనులు తమ స్వాతంత్ర్యమును ఒక్క ఏలిక చేతిలో పెట్టుదురు. పెట్టిన పిదప తిరిగి అడుగరాదు. ఆస్తియు న్యాయమును ఏలిక ఆజ్ఞ తరువాతనే పుట్టును గనుక, ఏలిక అన్యాయము చేసినాడనుటకే వీలులేదు. ఇంత బిగువుగా కట్టిన కోటలో హాబ్స్ స్వయముగా రెండు ద్వారములు విడిచిపెట్టినాడు. అవి మనకు ముఖ్యములు. ఒకటి: ప్రాణరక్షణహక్కును ఎవడును వదులుకొనజాలడు; అందుచేతనే శిక్షపడినవానిని చెరకో ఉరికంబమునకో తీసికొనిపోవునప్పుడు ఆయుధపాణులను వెంట పంపుదురని అతడు గమనించినాడు. రెండవది ఇంకను లోతైనది. సంకెలలో ఉన్న బందీకి యజమానియెడల ఏ కర్తవ్యమును లేదు. వాడు సంకెల తెంచుకొని పారిపోవచ్చును, యజమానిని చంపినను తప్పుకాదు. సంకెల విప్పి, పారిపోనని మాట తీసికొని, నమ్మి వదలినప్పుడే వానికి కర్తవ్యము మొదలగును. నిరంకుశాధికారమునకు ఇంత గొప్ప వకీలు సైతము ఇనుము మనిషిని కట్టలేదని, నమ్మకమే కట్టునని ఒప్పుకొన్నాడన్నమాట.

మన పూర్వులకు ఈ చర్చ కొత్తది కాదు. పెద్దచేప చిన్నచేపను మ్రింగు మత్స్యన్యాయమునకు వెరచి జనులు మనువును రాజుగా ఎన్నుకొని పంటలో ఆరవవంతు ఇచ్చినారని కౌటిల్యుడు చెప్పిన కథ హాబ్స్ వాదమునకు దాయాదివంటిది. కాని భేదమున్నది. మన కథలో ఆ ఆరవవంతు రాజుకు జీతము, రక్షింపనివానికి జీతమేల? దండము మితిమీరినచో ప్రజలు కలత చెందుదురని, మెత్తబడినచో రాజును లెక్కచేయరని, తగినట్లు నడచినచో ఆదరింతురని అర్థశాస్త్రము హెచ్చరించినది. ధర్మము తప్పిన రాజును దండమే నశింపజేయునని మనుస్మృతి. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ రాజనీతి ఘట్టములో రెండు మాటలు చెప్పినాడు. మరణశిక్ష పడినవానికి ముమ్మారు మొరపెట్టుకొను అవకాశమీయవలెనని ఒకటి. బ్రదికి బయటపడినచో రాజునకే అపాయము తెచ్చునట్టివానిని మాత్రము ఆలసింపక తీర్చివేయవలెనని ఆ వెంటనే చేర్చినాడు, రాయలు సాధుసన్న్యాసి కాడు గదా. అడవిజనులను సత్యముచేత, నమ్మకముచేత వశపరచుకొనవలెనేగాని వారి చిన్నతప్పులను లెక్కింపరాదని రెండవది. ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొని ఇక ద్వీపములకు పోదము.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయరు నిలిపిన మొదటి వలస రోగములకు తాళలేక 1796లో ఎత్తివేయబడినది. మరల 1858 మార్చి 10వ తేదీన డాక్టరు జేమ్స్ పాటిసన్ వాకరు 200 మంది ఖైదీలతో ‘సెమిరామిస్’ ఓడలో వచ్చి దిగినాడు. 1857 తిరుగుబాటులో పట్టుబడినవారికొరకే ఈ నివేశము ఏర్పడినది. హైదరాబాదులో 1857 జూలై 17న రెసిడెన్సీమీద దాడి నడపిన ఇద్దరు నాయకులలో తుర్రేబాజ్ ఖాను చెరనుండి తప్పించుకొని 1859లో తూప్రాను దగ్గర చంపబడినాడు. మౌల్వీ అలావుద్దీను అండమానుకు పంపబడి అక్కడనే కన్నుమూసినాడు. ఈ విధముగా తెలుగుదేశమునకు నల్లనీళ్లతో సంబంధము మొదటి రోజులనుండియే ఉన్నది.

వాకరు ఏలుబడి హాబ్స్ చెప్పిన సంకెల దశ. చుట్టు సముద్రము, లోపల అడవి. అయినను ఖైదీలు గుంపులు గుంపులుగా పారిపోయినారు. కొందరు అడవిలో ఆకలికి, ఆదిమవాసుల బాణములకు చచ్చినారు. తిరిగివచ్చి చిక్కినవారిలో 86 మందిని వాకరు ఒకే దినమున ఉరితీయించినాడు. ముమ్మారు మొర మాట అటుంచి, ఒక్కసారి మొరకైన సందు దొరకలేదు. కలకత్తా ప్రభుత్వమే దీనిని చూచి బెదరి అతనిని మందలించినది. ఉరిభయము కూడ పరుగును ఆపలేదన్నది అప్పుడే తేలిన విషయము. మరుసటి సంవత్సరము వచ్చిన హాటను కొంత మెత్తని చేతితో నివేశమును నడపినాడు.

తరువాతి యాభై ఏండ్లలో అక్కడ ఏర్పడిన వ్యవస్థ మిక్కిలి యోచించి కట్టినది. 1894 నుండి 1903 వరకు ప్రధానాధికారిగా ఉన్న రిచర్డ్ కార్నాక్ టెంపిల్ దానిని వివరముగా వర్ణించినాడు. కొత్తగా వచ్చిన పురుషఖైదీ మొదటి ఆరు నెలలు ఏకాంతపు గదిలో ఉండవలెను. తరువాత ఏడాదిన్నర తోటివారితో కలిసి జైలులోనే పని. పిమ్మట మూడేండ్లు బయట గుంపులలో కఠినమైన కూలి. రాత్రి కాపలాలో బంధనము. ఈ ఐదేండ్లు ఒబ్బిడిగా గడపినవానికి తేలికపని, కొద్దిపాటి జీతము, చిన్న ఉద్యోగము దొరకవచ్చును. పదేండ్లు నిండిన పిదప టిక్కెట్టు. టిక్కెట్టు పొందినవాడు ‘స్వయంపోషకుడు’. వాడు పల్లెలో ఇల్లు కట్టుకొనవచ్చును, పొలము దున్నవచ్చును, పశువులను సాకవచ్చును, పెండ్లి చేసికొనవచ్చును, లేదా దేశమునుండి భార్యాబిడ్డలను పిలిపించుకొనవచ్చును. కాని అనుమతి లేక నివేశమును విడువరాదు. సోమరిగా ఉండరాదు, ఉన్నచో మరల కూలిగుంపులోనికి పోవలసినదే. సాధారణ పౌరునికి ఉండు హక్కులు వానికి లేవు. ఇరవయ్యో ఇరవై ఐదో ఏండ్లు సత్ప్రవర్తనతో గడచినచో విడుదల. 1901 నాటికి ఈ యంత్రములో సుమారు 16,000 మంది జనము తిరుగుచుండిరి.

తుష్నాబాదు వంటి ‘ఆబాదు’లు, ‘గంజి’లు ఈ టిక్కెట్టువారి పల్లెలు. నేల అంతయు సర్కారుది. రైతుకు ఉన్నది అధికారి ఇచ్చిన అనుమతి మాత్రమే. ఊరికి చౌదరి ఉండును. వాడును సర్కారు నియమించినవాడే. ఇక పెండ్లి సంగతి చెప్పవలెను. మగవారిలో లెక్కించినప్పుడు ఆడఖైదీలు బహు కొద్దిమంది. టిక్కెట్టు పొందిన మగవాడు నియమిత దినమున స్త్రీల జైలుకు వచ్చి, వరుసగా నిలిచిన స్త్రీలలో ఒకతెను చూచుకొని, ఆమె సమ్మతించినచో అధికారి అనుమతితో పెండ్లాడవలెను. మనుస్మృతి ఎనిమిది వివాహములను చెప్పినది గాని ఈ తొమ్మిదవదానిని ఊహింపలేదు! వరుడు పంజాబువాడు, వధువు ఒడ్రదేశపుది కావచ్చును. కులము వేరు, భాష వేరు. దేశములో ఆ రోజులలో ఏ రాజును, ఏ సంస్కర్తయు సాధింపజాలని కులసంకరము అక్కడ జైలు దస్తావేజులో ఒక పంక్తిగా జరిగిపోయినది. ఆ దంపతుల బిడ్డలను ‘లోకల్‌బారన్’ అన్నారు. అనగా అక్కడ పుట్టినవారు. వారి ఇంటిభాష హిందూస్తానీ అయినది.

ఇక్కడ చదువరులు గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఇంతమంది ఖైదీలను కనిపెట్టుటకు ఆంగ్లేయుల సంఖ్య చాలదు. కావున ఖైదీలనుండియే టిండేళ్లను, జమాదారులను, మున్షీలను, పెట్టీ ఆఫీసరులను తయారుచేసినారు. నిన్న సంకెల తొడిగించుకొన్నవాడు నేడు ఇంకొకనికి తొడుగును. వారి క్రౌర్యమును గురించి, లంచములను గురించి జైలునుండి బయటపడిన రాజకీయఖైదీలు వ్రాసినది చాల ఉన్నది. ఆ వివరములలోనికి పోను. శాస్త్రదృష్టితో చూడవలసిన విషయము వేరు. ఒక్కని చేతిలో ఉండవలసిన దండము ఒక్కని చేతిలో ఉండలేదు. సర్వాధికారము చేతికి వచ్చిన మరుక్షణము పాలకుడు దానిని ముక్కలు చేసి పాలితులకే పంచిపెట్టవలసివచ్చినది. పంచినను ఊరు నిలువలేదు. పొలము, ఆలు, బిడ్డలు, వీనిని ఇచ్చిన తరువాతనే నిలిచినది. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివానిని బెదిరించుట కష్టము. అందుచేత బెదిరించుటకైనను మొదట ఏదో ఒకటి ఇవ్వవలసి వచ్చినది. ఇచ్చినది పెరిగి వేరుపారినకొలది దానిని లాగుకొనుట పాలకునికే కష్టమైనది.

అయితే హాబ్స్ చెప్పిన నమ్మకపు సూత్రమును ఈ చరిత్ర పూర్తిగా నిలబెట్టినదనుటకు వీలులేదు. 1872 ఫిబ్రవరి 8న గవర్నరు జనరలు లార్డు మేయో నివేశమును చూడవచ్చి, సాయంకాలము హోప్‌టౌను రేవులో పడవ ఎక్కబోవుచుండగా షేర్ అలీ అను పఠానుఖైదీ కత్తితో పొడిచి చంపినాడు. చంపినవాడు సంకెలలో ఉన్నవాడు కాడు. సత్ప్రవర్తన చూపి, టిక్కెట్టు పొంది, క్షురకవృత్తి చేసికొనుచున్నవాడు. మంగలికత్తి చేతికిచ్చి నమ్మినవాడే పొడిచినాడు. అతనిని మార్చి 11న వైపరు ద్వీపములో ఉరితీసినారు. తనకు పడిన శిక్షయే అన్యాయమని అతడు మొదటినుండియు భావించినవాడు. సంకెల విప్పినంతమాత్రమున అన్యాయము మరపునకు రాదు. ఆస్తియు న్యాయమును ఏలిక ఆజ్ఞ తరువాతనే పుట్టునని హాబ్స్ అన్నాడు గదా. కాని న్యాయబుద్ధి ఆజ్ఞకంటె ముందే మనిషిలో ఉండునని ఈ ఘటన చెప్పుచున్నట్లున్నది. భారతదేశమంతటిలో పాలకుని చేయి అందరికంటె బలముగా ఉన్న చోటనే ఆ పాలకుని ప్రాణమునకు రక్షణ కరవైనది.

ఈ ఏలుబడిని చట్టరీత్యా నిలబెట్టినది ఏది? దీనికి జవాబు వెదకినచో మన గోదావరి మన్యము కనిపించును. 1839 నాటి 24వ చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను మామూలు న్యాయస్థానములనుండి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టినది. ‘ఏజెంటు’ అను పేరుతో అతడే పాలకుడు, అతడే న్యాయాధిపతి. ఏజెన్సీ అను మాట మన భాషలోనికి వచ్చినది అక్కడినుండియే. తరువాత 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టము వచ్చినది. ఏ చట్టము ఎక్కడ వర్తించునో, ఎక్కడ వర్తింపదో కేవలము ప్రభుత్వ ప్రకటనతో నిర్ణయించు అధికారము దానివలన కలిగినది. ఆ చట్టపు పట్టికలో విశాఖ కొండలు, భద్రాచలము, రంప ఉన్నవి. అండమాను నికోబారు ద్వీపములును ఉన్నవి. కొండ, ద్వీపము, రెండును ఒకే దస్త్రములో కట్టబడినవి.

1879లో రంపలో తిరుగుబాటు లేచినది. కల్లుగీతమీద పన్ను, మునసబుదారు దోపిడి, పోలీసుల బలవంతములు, మైదానపు వర్తకుల అప్పులు దానికి కారణములు. ముఠాదారులు కొండజనులతో చేతులు కలిపినారు. ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతుడైనాడు. పట్టుబడినవారిలో చాలమందిని అండమానుకు పంపినారు. సాధారణ చట్టము లేని నేలమీద పుట్టి, దానికి వ్యతిరేకముగా లేచి, సాధారణ చట్టము లేని ఇంకొక నేలకు వారు ఓడలో పోయినారు. గట్టుమీద వెదురును నరికి పోడు చేసికొన్న చేతులతో ద్వీపపు అడవిని సర్కారు కొరకు నరికినారు. అడవిజనులను నమ్మకముచేత గెలువవలెనన్న రాయల మాట విజయనగరముతోనే పోయినట్లు తోచును. 1922లో అదే మన్యము మరల మండినది. రోడ్డుపనిలో గూడెము డిప్యూటీ తహశీలుదారు బాస్టియను చేసిన వెట్టిబలాత్కారము దానికి ముఖ్యకారణములలో ఒకటి. ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలు అల్లూరి సీతారామరాజు చేతిలో పడినవి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చిచంపినారు.

ఈ మధ్యకాలములో ద్వీపమునందు విచిత్రమైన మార్పు వచ్చినది. 1890లో లయాల్, లెత్‌బ్రిడ్జి అను ఇద్దరు అధికారులు విచారణకు వచ్చి, ఖైదీలు దేశములోని జైళ్లకంటె అండమానునే కోరుకొనుచున్నారని తెలిసికొని కలవరపడినారు. ద్వీపాంతరవాసమన్న భయము పోయినదట! కావున వచ్చినవానికి మొదట కఠినమైన ఏకాంతవాసము ఉండవలెనని సిఫారసు చేసినారు. దాని ఫలమే 1896లో ఆరంభమై 1906లో పూర్తి అయిన సెల్యులర్ జైలు. నడుమ గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు కట్టడములు, ఏడువందలకు దగ్గరగా ఒంటిమనిషి గదులు. ఒక్క కన్ను అందరిని చూచు చెరసాలను ఇంగ్లండులో బెంథాము ఊహించినాడు. ఆ ఊహకు ఇక్కడ ఇటుకలు దొరికినవి. సంకెలతో మొదలై నమ్మకమువైపు నడచిన ప్రభుత్వము, ఆ నమ్మకము ఫలించుచున్నదని తెలియగానే మరల భయమునకు గోడలు కట్టినది. ఊరు ప్రశాంతముగా ఉండుట దానికి చాలలేదు. ఊరు భయపడుట కావలసివచ్చినది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి 1930ల దశాబ్దమునందు చూచినది ఈ గోడలనే.

ప్రభుత్వము లేనిచోట జనులు ఒకరినొకరు చంపుకొందురన్న మాటకు హాబ్స్ అమెరికా ఆదిమవాసులను సాక్ష్యముగా పిలిచినాడు. తుష్నాబాదు పొలముల అవతల అడవి అంచున అట్టి సాక్షులు ఉండనే ఉన్నారు. 1906 నుండి 1908 వరకు అండమానులో పరిశోధన చేసి 1922లో గ్రంథము ప్రకటించిన రాడ్‌క్లిఫ్ బ్రౌను, అక్కడి ఆదిమవాసులలో ఏర్పాటైన ప్రభుత్వమనునదే లేదని, పెద్దలయెడల గౌరవమే ఊరి వ్యవహారములను నడపుచున్నదని వ్రాసినాడు. రాజు లేడు, దండము లేదు; అయినను వేట పంచుకొని, బిడ్డలను పెంచి, ఎన్నో వేల ఏండ్లు బ్రదికినారు. సంపూర్ణమైన రాజు, సంపూర్ణమైన దండము వచ్చిన తరువాత సిఫిలిసు, పొంగు వారిలో వ్యాపించినవి. మహాండమాన్ జాతులవారు 1901 జనాభాలెక్కలో 625 మంది. 1931లో 90 మంది. జారవాలు మాత్రము దగ్గరకు రాక బాణములతో తమ ఎల్లను కాచుకొన్నారు. అంచుపల్లెలకు వారి భయము చాలకాలము ఉండెను. వారికి మన భయము అంతకంటె ఎక్కువ కారణముతో ఉండినది.

1919–20 నాటి జైళ్ల విచారణసంఘము శిక్షానివేశమును ఎత్తివేయవలెనన్నది. ప్రభుత్వము ఒప్పుకొనికూడ ఊళ్లను విడువలేకపోయినది. అప్పుడు ప్రధానాధికారి ఫెరారు; 1923 నుండి 1931 వరకు అతని కాలము. తమంతట తాము వచ్చుటకు సమ్మతించిన ఖైదీలను తెచ్చి, 1926లో నేలమీద అనుభవహక్కును కల్పించినారు. అనుమతి హక్కుగా మారుటకు అరువదియెనిమిది ఏండ్లు పట్టినదన్నమాట. 1921 మలబారు తిరుగుబాటులో పట్టుబడిన మాప్పిళ్లలను ఇక్కడకు తెచ్చినారు. వారు తమ ఊళ్లకు కాలికట్టు, మంజేరి, మలప్పురము, మన్నార్‌ఘాట్ అని విడిచివచ్చిన ఊళ్ల పేర్లే పెట్టుకొన్నారు. దొరల పేర్ల నడుమ ఈ పేర్లు చదివినప్పుడు నాకు దక్షిణ అండమాను పటము ఒక వాదప్రతివాదమువలె తోచును. ఉత్తరదేశపు భాంతూలను ‘నేరస్థజాతి’ అను ముద్రతో సాల్వేషన్ ఆర్మీవారు ఫరార్‌గంజి పరిసరములకు తీసికొనివచ్చినారు. ఈ చివరి కథ తెలుగువారికి పరాయిది కాదు. 1913 ప్రాంతమున ఆ సంస్థయే మన బాపట్ల దగ్గర ఎరుకలవారికొరకు నిలిపిన ఊరు స్టూవర్టుపురము. హెరాల్డు స్టూవర్టు మద్రాసు ప్రభుత్వోద్యోగి. హాజరుపట్టీ, బయటకు పోవుటకు చీటీ, పుట్టినబిడ్డకు పుట్టుకతోనే నేరస్థుడన్న పేరు, అన్నియు అక్కడ ఉన్నవే. నేరము చేసినవానికి అండమాను, చేయనివానికి స్టూవర్టుపురము. నేరస్థజాతుల చట్టము 1952లో దేశమంతటను రద్దయినది. ఊరి పేరును, ఊరిమీది మాటయు అంత త్వరగా పోలేదు.

రక్షించు శక్తి ఉన్నంతవరకే ఏలికయెడల ప్రజల కర్తవ్యమని హాబ్స్ మరియొక చోట అన్నాడు. 1942 మార్చి 23న జపానువారు దిగునాటికి ఆంగ్లసైన్యము వెళ్లిపోయినది. హాబ్స్ లెక్క ప్రకారము ఆ రోజుతో టిక్కెట్టులన్నియు రద్దు. ఊళ్లు మాత్రము రద్దు కాలేదు. వరి ఊడ్చినారు, పశువులను తోలుకొన్నారు. వచ్చిన కొత్త ఏలిక పాతవానికంటె క్రూరుడు. గూఢచారులన్న అనుమానముతో సెల్యులర్ జైలులోనే మనుష్యులను హింసించినారు. డాక్టరు దివాన్ సింగు ఆ హింసలవలన 1944 జనవరి 14న మరణించినాడు. సుభాష్ చంద్ర బోసు పోర్టుబ్లెయరులో జాతీయపతాకము నెత్తిన 1943 డిసెంబరు 30వ తేదీకి సరిగా నెల తరువాత, జనవరి 30న, హంఫ్రీగంజి దగ్గర 44 మందిని కాల్చి పూడ్చినారు. 1945 అక్టోబరులో జపానువారు లొంగిపోయిన పిదప ఆంగ్లేయులు తిరిగివచ్చి శిక్షానివేశమును రద్దుచేసినారు. అప్పటికి ఈ పల్లెలలో మూడవతరము పెరుగుచున్నది. కావలివాడు పోయినాడని గాని, అతనికంటె ఘోరమైనవాడు వచ్చినాడని గాని ఆ కుటుంబములు చెదరలేదు. సంఘమునకు మూలము రాజభయమే అయినచో 1942లో ఆ పల్లెలు ఒకదానినొకటి మ్రింగివేసి ఉండవలసినది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కొండయు ద్వీపమును వేరువేరు దారులలో నడచినవి. సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర 1952లో విశాఖపట్టణమునుండి ఎన్నికై లోక్‌సభలో కూర్చున్నాడు. తిరుగుబాటుదారుడని చెరసాలలో ఏండ్లు గడపినవాడు శాసనకర్త అయినాడు. ద్వీపవాసుల తరఫున మాత్రము అదే సభలో కూర్చున్నవారు రాష్ట్రపతి నామనిర్దేశము చేసినవారు. ద్వీపములలో లోక్‌సభకు మొదటి ఎన్నిక 1967లో జరిగినది. 1956లో కేంద్రపాలితప్రాంతమైన ఆ ద్వీపములకు నేటికిని శాసనసభ లేదు. శాంతికి, అభివృద్ధికి, మంచి పరిపాలనకు నిబంధనలు చేయు అధికారమును రాజ్యాంగము 240వ అధికరణము రాష్ట్రపతికి ఇచ్చినది. మన ఏజెన్సీలయందు శాంతికి, మంచి పరిపాలనకు నిబంధనలు చేయు అధికారమును అయిదవ షెడ్యూలు గవర్నరుకు ఇచ్చినది. గిరిజనుల నేల చేయి జారకుండ, జారవాల అడవి తరగకుండ కాపాడిన నిబంధనలు కొన్ని ఈ అధికారమునుండియే వచ్చినవి; దానిని కాదనరాదు. అయినను 1874 నాటి పట్టిక చదివినవానికి ఆ రెండు వాక్యములు ఒకే ఇంటి బిడ్డలని తెలియకపోదు.

ఇప్పుడు ద్వీపములలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగని 2011 జనాభాలెక్క చెప్పుచున్నది. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి చేపలవేటకు, కూలికి తమంతట తాము వచ్చినవారి సంతతి. తుష్నాబాదు నేడు పంచాయతీ ఊరు. ఊరిపెద్దను నిలుపుటకు ఇప్పుడు దొర చీటీ అక్కరలేదు. 1994 నాటి పంచాయతీ నిబంధన ప్రకారము ఓటుపెట్టె చాలును. పేరు మాత్రము ట్యూసను దొరదే మిగిలినది. ఆ పేరు పలుకుచున్నవారిలో ట్యూసను ఎవరో తెలిసినవారు ఎందరుందురో!